పక్కన కూర్చోవడమూ పరిచర్యే

"అన్నయ్యా, ఇవాళ ప్రార్థన వద్దు. ఊరికే కాసేపు పక్కన కూర్చో."

రెండో విడత కీమోథెరపీ నడుస్తున్న రోజుల్లో మా తమ్ముడు అన్న మాట ఇది. ముప్పై ఏళ్లుగా రోగుల మంచాల పక్కన ప్రార్థన చేయడమే పరిచర్యగా బతికిన పాస్టరుకు, అందునా సొంత అన్నకు, ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. తెరిచిన బైబిలు మూసి, ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. లేవబోతుంటే తమ్ముడు కళ్లు తెరిచి, "రేపు కూడా ఇలాగే కూర్చుంటావా?" అని అడిగాడు. వేదాంత కళాశాలలో యోబు గ్రంథం మీద పరీక్షలు రాసి పాసైనప్పుడు అర్థం కానిది ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది.

ఈ వ్యాసంలో ‘మేము’ అంటే ఆ పాస్టరూ, ఆయన భార్యా. తమ్ముణ్ణి ఇద్దరం కలిసి చూసుకున్నాం, తప్పులూ ఇద్దరం కలిసే చేశాం. అందుకే ఇద్దరి తరఫునా రాస్తున్నాం. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, మీ సంఘంలోనో ఇలాంటి చికిత్సకు సిద్ధమవుతున్న వారుంటే మా అనుభవం వాళ్లకు కాస్త ఉపయోగపడుతుందని ఆశ.

నడుం నొప్పి అనుకున్నాం

తమ్ముడు బస్సు డ్రైవరు. 2022 వేసవిలో నడుం నొప్పి మొదలైంది. పాతికేళ్లు స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి నడుం నొప్పి రావడంలో వింతేముంది అనుకున్నాం. బామ్ రాసుకున్నాడు, బెల్టు పెట్టుకున్నాడు, మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగాడు. ఒకరోజు బియ్యం బస్తా పక్కకు జరపబోయి అక్కడే కూలబడిపోయాడు. స్కానింగులో వెన్నుపూస ఒకటి నలిగిపోయిందని తేలింది. రక్తం తక్కువగా ఉంది, మూత్రపిండాల మీదా భారం పడింది. ఎముక మూలుగ తీసి పరీక్షించాక డాక్టరు మల్టిపుల్ మైలోమా అని చెప్పారు. మూలుగలో పుట్టే ప్లాస్మా కణాలు మన ఒంటిని కాపాడే యాంటీబాడీలను తయారు చేస్తాయి. ఆ కణాలే అదుపు తప్పి పెరగడం ఈ జబ్బు. ఇది రక్తంలో వచ్చే క్యాన్సరే అయినా దెబ్బ మాత్రం ముందు ఎముకల మీద పడుతుంది.

నాలుగు విడతల కీమో ఇచ్చి, జబ్బు తగ్గుముఖం పట్టాక మూలకణ మార్పిడి చేద్దామన్నారు. మార్పిడి అనగానే పెద్ద ఆపరేషన్ అనుకుని మా అమ్మ ఏడుపు అందుకుంది. ఆమెకు నచ్చజెప్పింది మా మరదలే. రైతు కుటుంబంలో పుట్టిన పిల్ల కాబట్టి డాక్టరు చెప్పిన దాన్ని పొలం భాషలోకి మార్చేసింది. "నారుమడిలోంచి మంచి నారు తీసి పక్కన పెడతారత్తయ్యా. ఆ తర్వాత పొలమంతా దమ్ము చేస్తారు, కలుపు మిగలకుండా. అప్పుడు మన నారే తెచ్చి మళ్లీ నాటుతారు. కోత ఏమీ ఉండదు, రక్తం ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తారంతే." ఇంతకంటే బాగా ఏ డాక్టరూ చెప్పలేడేమో. రోగి సొంత మూలకణాలనే వాడే పద్ధతి ఇది. వేరొకరి కణాలు తెచ్చి ఎక్కించే పద్ధతి వేరే ఉంది, లుకేమియా వంటి జబ్బుల్లో ఎక్కువగా దాన్ని వాడతారు. తమ్ముడికి వచ్చిన జబ్బు ఈ మార్పిడితో సాధారణంగా వేళ్లతో సహా పోదని, కానీ చాలా కాలం అదుపులో ఉండే అవకాశం ఉందని డాక్టర్లు మొదటి రోజే చెప్పారు. ఆ నిజాన్ని మేము తమ్ముడి దగ్గర దాచలేదు. దాచి ఉంటే ఆ తర్వాత మేము చెప్పిన ఏ మాటా అతను నమ్మేవాడు కాదు.

ఈ వైద్యం వెనక ఉన్న చరిత్ర కూడా మాకు ధైర్యమిచ్చింది. మనిషికి మనిషి మూలుగ ఎక్కించే ప్రయత్నాన్ని అమెరికాలో డాక్టర్ డొనాల్ థామస్ 1957లో లోకానికి వెల్లడించాడు. తొలి రోగులు దక్కలేదు. అయినా ఆయన వదల్లేదు, 1990లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన దేశంలో 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఈ చికిత్స మొదలైంది. మన తెలుగువాళ్లు తరతరాలుగా కాట్పాడి రైలెక్కి వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లో ప్రారంభమైంది. మైలోమా రోగులకు మార్పిడికి ముందు ఇచ్చే ప్రధానమైన మందు మెల్ఫలాన్. దాని పుట్టుక వింటే ఆశ్చర్యం కలుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఊపిరితిత్తులను కాల్చేసిన మస్టర్డ్ గ్యాస్ ఉంది కదా, దాని చుట్టరికమున్న రసాయనాల నుంచే 1940లలో తొలి కీమో మందులు పుట్టాయి. మెల్ఫలాన్ ఆ కుటుంబానికి చెందిందే. జనాలు తమ ఈటెలను కొడవళ్లుగా సాగగొట్టుకునే రోజు గురించి యెషయా ప్రవక్త చెప్పిన మాట మా సంఘంలో ఎన్నోసార్లు బోధించాం. ఈటె కొడవలి కావడాన్ని కళ్లారా చూసింది మాత్రం తమ్ముడి సెలైన్ స్టాండు దగ్గరే.

మేము చేసిన తప్పు

తమ్ముడూ మరదలూ వైద్యం కోసం గుంటూరులో మా ఇంటికే వచ్చి ఉన్నారు. వారానికోసారి పొట్ట చర్మం కింద ఇంజెక్షన్, ఇంట్లో వేసుకునే మాత్రలు, వారానికో రోజు స్టెరాయిడ్. ఆ స్టెరాయిడ్ వేసుకున్న రాత్రి అతనికి నిద్ర పట్టేది కాదు. రెండు గంటలకు లేచి మా వంటింటి అలమరాలో డబ్బాలన్నీ దింపి తుడిచి మళ్లీ సర్దేవాడు. ప్రతి చిన్న విషయానికీ కోపం వచ్చేది. మర్నాడు సొమ్మసిల్లినట్టు పడుకునేవాడు. ఆ కోపం మనిషిది కాదు, మందుదని తెలుసుకునేలోపే మా ఇంట్లో రెండు మూడు మాటల యుద్ధాలు అయిపోయాయి. పాదాల్లో చీమలు పాకినట్టుందనేవాడు. అది కూడా మందు ప్రభావమేనని, డాక్టరుకు వెంటనే చెప్పాల్సిన సంగతని ఆలస్యంగా తెలిసింది. అప్పటినుంచి ఒక నోటుపుస్తకం పెట్టి ఏ రోజు ఏ మందు వేసుకున్నాడు, ఏం తిన్నాడు, ఎక్కడ నొప్పి అన్నాడు, జ్వరం ఎంత అని రాయడం మొదలుపెట్టాం. డాక్టరు ముందు కూర్చోగానే రోగి సగం మరిచిపోతాడు. ఆ సగం ఈ పుస్తకంలో ఉంటుంది.

కానీ పుస్తకంలో రాసుకోవడం వేరు, దాని ప్రకారం కదలడం వేరు. మూడో విడత మధ్యలో ఒక శనివారం రాత్రి పదిన్నరకు తమ్ముడికి చలి పుట్టింది. మరదలు థర్మామీటరు పెట్టి చూస్తే 101 డిగ్రీలు. 100.4 దాటితే ఏ వేళైనా సరే వెంటనే ఫోన్ చేసి రమ్మని ఆసుపత్రివారిచ్చిన కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద అతికించే ఉంది. మరదలు దానివైపు చూపించింది కూడా. "ఈ అర్ధరాత్రి ఎక్కడికి పోతాం? పారాసిటమాల్ వెయ్యి, పొద్దునకు తగ్గుతుంది. రేపు ప్రభురాత్రి భోజన సంస్కారం ఉంది, ఆరాధన కాగానే వెళ్దాం" అన్నాం. అది మేమిద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం. మాత్రతో అంకె దిగింది, మేము నిద్రపోయాం. జబ్బు నిద్రపోలేదు.

తెల్లారి ఆరు గంటలకు మరదలు తలుపు కొట్టింది. తమ్ముడు వణుకుతున్నాడు, పిలిస్తే మత్తుగా పలుకుతున్నాడు. ఆ ఆదివారం ఆరాధన సంఘ పెద్దలు జరిపించారు. ఆసుపత్రిలో తెల్లకణాలు బాగా పడిపోయాయని చూసి వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఎనిమిది రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది, తర్వాతి కీమో రెండు వారాలు వెనక్కు జరిగింది. డాక్టరు మమ్మల్ని కోప్పడలేదు. "ఈ వైద్యంలో జ్వరాన్ని రోజుల్లో లెక్కపెట్టకూడదండీ, గంటల్లో లెక్కపెట్టాలి" అని మాత్రం అన్నారు. అంతకు ముందు గురువారమే మా సంఘం వాళ్లు పదిహేను మంది మా ముందుగదిలో అతని చుట్టూ కూర్చుని ప్రార్థన చేసి వెళ్లారు. అందులో ఒకరిద్దరు దగ్గుతూనే ఉన్నారు. జ్వరం దానివల్లే వచ్చిందని చెప్పలేం, చాలాసార్లు రోగి ఒంట్లోనే ఉండే క్రిములు కూడా కారణమవుతాయట. అయినా ఆ కూడికకు ముందు డాక్టరును ఒక్క మాట అడగలేదన్నది మాత్రం నిజం.

దేవుని పని పేరుతో దేవుడు మన చేతికి అప్పగించిన మనిషిని వెనక్కు నెట్టడం ఎంత తేలికో ఆ రాత్రి తెలిసింది. యెరికో దారిలో గాయపడినవాణ్ణి చూసి పక్కగా వెళ్లిపోయిన యాజకుడూ లేవీయుడూ చెడ్డవాళ్లని ఎన్ని ప్రసంగాల్లో తిట్టామో! వాళ్లకూ బహుశా ఆరాధన వేళ అయిపోతోందేమో. తమ్ముడి దగ్గర క్షమాపణ అడిగాం. అతను నవ్వి, "బ్రేకులు సరిగా పడట్లేదని తెలిసి కూడా ట్రిప్పు పూర్తిచేద్దామనుకున్నారు. మా డిపోలో అయితే సస్పెండు చేస్తారు" అన్నాడు.

మౌనంగా ఉన్న ఏడు రోజులు

ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక పద్ధతి పెట్టాం. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు గుమ్మం దాటకూడదు. మిగతావాళ్లు ఒక్కొక్కరుగా రావాలి, ముఖానికి మాస్కు వేసుకుని, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తామంటే వద్దన్నాం. కొందరు నొచ్చుకున్నారు. "అయ్యగారే ఇలా అంటే ఎట్లా?" అన్నారు. తలుపు దగ్గర కాపలా ఉండటం కూడా తోడుండటంలో భాగమే. ఆ పని రోగికి వదిలేయకూడదు, ఎందుకంటే రోగి ఎవరినీ కాదనలేడు.

కీమో చేయించుకుంటే విశ్వాసం తక్కువైనట్టేనని చెప్పడానికి పొరుగూరి నుంచి పనిగట్టుకుని ఒకాయన వచ్చాడు. ఆయనకు గుర్తుచేశాం. హిజ్కియా రాజు మరణపడక మీద ప్రార్థించి జవాబు పొందాడు, అయినా యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. పౌలు తన ప్రియమైన సహచరుడు లూకాను వైద్యుడనే పిలిచాడు. ప్రార్థన మందుకు పోటీ కాదు. ఇంకొందరు బొప్పాయి ఆకు పసరు, తిప్పతీగ కషాయం సీసాల్లో పోసుకుని తెచ్చారు. ప్రేమతో తెచ్చినవే. కానీ కాలేయానికి, మూత్రపిండాలకు అప్పటికే పని ఎక్కువైన ఒంట్లోకి డాక్టరుకు చెప్పకుండా ఏదీ పోయకూడదు. తీసుకుని, దండం పెట్టి, పక్కన పెట్టేశాం.

అన్నిటికంటే కష్టపెట్టినవి మాటలు. "ఏం కాదులే" అన్నారు. "దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడు" అన్నారు. ఒకామె మరదల్ని వంటింట్లోకి పిలిచి, ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోమంది. ఆ రోజు మరదలు అన్నం ముట్టలేదు. యోబు ముగ్గురు స్నేహితులు సరిగ్గా ఇదే చేశారు. నిజానికి వాళ్లు మొదట చాలా మంచి పని చేశారు. దూరప్రాంతాల నుంచి వచ్చి, అతని బాధ చూసి ఏడ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. వాళ్లు నోరు తెరిచాకే తప్పంతా జరిగింది. కారణాలు వెతికారు, లెక్కలు చెప్పారు, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. గ్రంథం చివర్లో దేవుని కోపం రగిలింది బూడిదలో కూర్చుని అరిచిన యోబు మీద కాదు, ఆయన గురించి అంత చక్కగా ఉపన్యాసాలిచ్చిన ఆ స్నేహితుల మీద. ప్రసంగాలు చెప్పే మాలాంటివాళ్లు ఆ చివరి అధ్యాయం తరచుగా చదువుకోవాలి.

అప్పటినుంచి తమ్ముడి గదిలో మేము అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇవాళ ఎలా ఉంది?" ఎలా ఉన్నావు అంటే జీవితమంతటికీ జవాబు చెప్పాలి. ఇవాళ ఎలా ఉంది అంటే ఇవాళ్టికి చెబితే చాలు. బాగుంటే క్రికెట్ స్కోరు మాట్లాడుకునేవాళ్లం. బాగోకపోతే ఊరికే కూర్చునేవాళ్లం. నోట్లో ఇనుము పెట్టుకున్నట్టుందని అన్నం తోసేస్తే బతిమాలేవాళ్లం కాదు. తాలింపు వాసనకే వాంతి వచ్చేది కాబట్టి వంటింటి తలుపు మూసి వండి, గంటన్నరకోసారి రాగి జావో, పెసరకట్టు కలిపిన మెత్తటి అన్నమో నాలుగు ముద్దలు ఇచ్చేవాళ్లం. అప్పుడే వండిన వేడి పదార్థాలు, కాచి చల్లార్చిన నీళ్లు మాత్రమే. పచ్చి చట్నీలు, బయట కోసి అమ్మే పండ్లు వద్దన్నారు.

చేతులు పట్టుకునే చేతులు

రోగి బరువు తగ్గుతున్నాడని అందరూ చూశారు. మరదలు ఆరు కేజీలు తగ్గిందని ఎవరూ చూడలేదు. ఒకరోజు మా ఇంట్లో అమ్మగారు ఆమెను అద్దం ముందు నిలబెట్టి, "నిన్ను నువ్వు చూసుకుని ఎన్నాళ్లయింది?" అంటే, "అక్కా, చూసుకుంటే ఏడుపొస్తుందని చూసుకోవట్లేదు" అంది. ఆ మధ్యాహ్నమే పనులు పంచుకున్నాం. రాత్రి కాపలా వారానికి మూడు రోజులు మాది. ఇంజినీరింగు చదువుతున్న వాళ్లమ్మాయిది శని, ఆదివారాలు. సంఘంలో ఆటో నడిపే ఒక సోదరుడు, పిలిస్తే ఏ వేళకైనా వస్తానని మాటిచ్చి నిలబెట్టుకున్నాడు. ఒక టీచరమ్మ మందుల బిల్లులన్నీ ఫైలు చేసే పని తీసుకుంది.

రెఫీదీము యుద్ధంలో మోషే చేతులెత్తి ఉన్నంతసేపూ ఇశ్రాయేలీయులు గెలిచారని, చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరొక చెయ్యి పట్టుకున్నారని మనకు తెలుసు. వాళ్లు చేతులు పట్టుకోవడానికి ముందు చేసిన పనిని మాత్రం తరచుగా వదిలేస్తాం. ముందు ఒక రాయి తెచ్చి అతను కూర్చోవడానికి వేశారు. అలసిపోయినవాళ్లకు ముందు కావలసింది కూర్చునే చోటు. రోగికి సేవ చేస్తున్న భార్యకో, తల్లికో, కొడుక్కో వారానికి ఒక్క పూట నిద్రపోయే వీలు కల్పించండి. మీరు పెట్టే రాయి అదే అవుతుంది.

డబ్బు గురించి కూడా సిగ్గుపడకుండా చెప్పాలి. మార్పిడికి ముందు, తర్వాత కలిపి అయ్యే ఖర్చు మధ్యతరగతి కుటుంబాన్ని కుంగదీస్తుంది. ఏ పథకం కింద, ఏ బీమా కింద ఎంత వస్తుందో మొదటి వారంలోనే ఆసుపత్రిలోని ఆరోగ్యశ్రీ, బీమా కౌంటర్లలో అడిగి రాయించుకోవాలి. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి ఊరుకోలేదు. పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. మా సంఘంలోని యువకులు డబ్బు ఇవ్వలేమంటూనే అంతకంటే విలువైనది ఇచ్చారు. పదకొండు మంది తమ రక్త వర్గాలు రాసి, ప్లేట్‌లెట్లు కావలసినప్పుడు హైదరాబాదు వచ్చి ఇస్తామని పేర్లిచ్చారు. నలుగురికి ఆ అవసరం వచ్చింది, నలుగురూ వచ్చారు.

సున్నా రోజు

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో చేర్చుకున్నారు. మూలకణాలు మూలుగ లోంచి రక్తంలోకి రావడానికి అంతకు ముందు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ రోజుల్లో ఎముకలు లోపలినుంచి సలుపుతున్నాయన్నాడు. తర్వాత ఒక గొట్టంలోంచి రక్తం యంత్రంలోకి వెళ్లి, మూలకణాలు అక్కడ ఆగిపోయి, మిగతా రక్తం తిరిగి ఒంట్లోకి వచ్చింది. ఒక్కోసారి నాలుగు గంటలు, అలా రెండు రోజులు. ఒంటి బరువులో ప్రతి కిలోకూ కనీసం 20 లక్షల మూలకణాలు కావాలట. సరిపడా వచ్చాయని కబురు అందిన సాయంత్రం, ధాన్యం కొలిచి ఇంటికి తెచ్చినంత సంతోషపడ్డాం.

మెల్ఫలాన్ ఇచ్చే ముందు రాత్రి తమ్ముడు బెంబేలెత్తిపోయాడు. "వద్దన్నయ్యా, ఇంటికి తీసుకుపో. ఇప్పటికి బాగానే ఉన్నాను కదా" అన్నాడు. అప్పుడు బోధించాలని నాలుక దురద పెట్టింది. ఆపుకున్నాం. "భయంగా ఉందా?" అని అడిగాం. "ఉంది." "మాకూ ఉంది." చాలాసేపు అలాగే ఉన్నాం. చివరికి అతనే, "పొద్దున డాక్టరును ఒక్కసారి మళ్లీ అడిగి, అప్పుడు చెబుతాను" అన్నాడు. పొద్దున డాక్టరు పావుగంట కూర్చుని అన్నీ మళ్లీ చెప్పారు, కాదనే హక్కు ఉందని కూడా చెప్పారు. తమ్ముడు కానిమ్మన్నాడు. ఆ నిర్ణయం అతనిది కాబట్టే తర్వాత వచ్చిన బాధను ఓర్చుకోగలిగాడని మా నమ్మకం.

మందు ఎక్కుతున్నంతసేపూ, ముందూ వెనకా కూడా, నోట్లో ఐస్ ముక్కలు చప్పరించమన్నారు. నోరు చల్లబడితే అక్కడి సన్నటి రక్తనాళాలు ముడుచుకుని మందు తక్కువగా చేరుతుంది, పుండ్లు తగ్గుతాయి. గదిలో ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి మరదలు ఉంది. "ఇంక చాలు, పళ్లు జివ్వుమంటున్నాయి" అంటుంటే, ఒక్కటి, ఇంకొక్కటి అంటూ చెంచాతో అందించిందట. మేము బయట అద్దం తలుపు అవతల నిలబడి చూశాం. ఆసుపత్రి భాషలో మూలకణాలు తిరిగి ఎక్కించే రోజును సున్నా రోజు అంటారు. అక్కడినుంచి ఒకటి, రెండు, మూడు అని రోజులు లెక్కపెడతారు. ఆ రోజు వచ్చింది. చిన్న సంచి, లేత ఎరుపు రంగు ద్రవం, అరగంటలో అయిపోయింది. తమ్ముడు వీడియో కాల్‌లో, "ఇంతేనా? బస్సుకి డీజిల్ కొట్టించడానికే ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక అతను ఇంకో మాట అన్నాడు.

"అన్నయ్యా, ఇప్పుడు ప్రార్థన చెయ్యి. చిన్నదే."

ఆరేడు నెలల తర్వాత అడిగాడు. ముప్పై ఏళ్లలో వేల ప్రార్థనలు చేసిన నోటికి నాలుగు వాక్యాలకంటే ఎక్కువ రాలేదు. ఇన్ని రోజులు తోడున్నావు, ఈ రోజూ ఉండు, రేపూ ఉండు, ఆమేన్ అన్నాం. అవతలినుంచి తమ్ముడూ, మరదలూ ఆమేన్ అన్నారు.

తర్వాతి రెండు వారాలు తేలిక కాదు. నోరు పుండ్లు పడింది, విరేచనాలు పట్టుకున్నాయి, జుట్టు దిండు మీదికి వచ్చేసింది, జ్వరమూ వచ్చింది. ఈసారి జ్వరాన్ని గంటల్లో కాదు, నిమిషాల్లో చూసుకున్నారు. పన్నెండో రోజున తెల్లకణాలు మొలకెత్తుతున్నాయని నర్సమ్మ చెప్పింది. నాటిన నారు వేరు పట్టింది. ఇంటికి వచ్చాక కూడా నెలల తరబడి జాగ్రత్తలు, చిన్నపిల్లలకు వేసినట్టు టీకాలు మళ్లీ మొదటినుంచి వేయించడం, రోజూ మాత్రలు. తమ్ముడు మళ్లీ బస్సు నడపలేదు. జబ్బు తిరిగి వచ్చే అవకాశం ఉందని అతనికీ మాకూ తెలుసు. పరీక్షల ఫలితాలు వచ్చే ముందు రాత్రి ఇప్పటికీ మా రెండు ఇళ్లలోనూ ఎవరికీ సరిగా నిద్ర పట్టదు. విశ్వాసం అంటే ఆ రాత్రి నిద్ర పట్టడం అని మేము బోధించం. ఆ రాత్రి ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం అని చెబుతున్నాం.

మీకు తెలిసినవారెవరైనా ఈ దారిలో ఉంటే వాళ్లింటికి వెళ్లే ముందు మూడు సంగతులు చూసుకోండి. ఒంట్లో జలుబు లేదు కదా? చేతులు శుభ్రంగా ఉన్నాయి కదా? నాలుక అదుపులో ఉంది కదా? మూడూ సరిగా ఉంటే వెళ్లండి, కుర్చీ లాక్కుని కూర్చోండి. వెళ్లలేకపోతే వాళ్లింట్లో రోగిని చూసుకుంటున్న మనిషికి ఫోన్ చేసి, "ఈ రాత్రి మీరు పడుకోండి, నేనొచ్చి కూర్చుంటాను" అనగలిగినవాళ్లను వెతికి పంపండి. ప్రార్థన చేయమని వాళ్లు అడిగే రోజు వస్తుంది. అప్పుడు చిన్నది చాలు.